ఇంట్లో చెమ్మ, చెమ్మ వెంట జెర్రులు: తిరుపతి, చిత్తూరు ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇళ్ల మరమ్మతు పనులు చేయిస్తూ 20 ఏళ్లు దాటింది. కార్తీక మాసం వస్తే ఫోను ఊరుకోదు. "అన్నా, గోడంతా చెమ్మెక్కింది" అనేవాళ్లు సగం మంది, "అన్నా, బాత్రూంలో ఇంత పొడుగు జెర్రి" అనేవాళ్లు సగం మంది. మొదటివాళ్లు పెయింటరు నంబరు అడుగుతారు, రెండోవాళ్లు మందు కొట్టేవాళ్ల నంబరు అడుగుతారు. ఇద్దరి ఇళ్లకూ వెళ్లి చూస్తే కనబడేది ఒకటే: ఎక్కడో నీళ్లు దారి తప్పాయి. ఆ నీటిని పట్టుకోకుండా గోడకు రంగేసినా, జెర్రికి మందేసినా డబ్బు దండగ. పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను.

జెర్రులు మా ఇంట్లోకే ఎందుకొస్తున్నాయి?

నీటి కోసం. జెర్రి ఒళ్లు పెంకులా మెరుస్తుంది గానీ, బొద్దింకకు ఉన్నట్టు లోపలి నీరు ఆరిపోకుండా కాపాడే మైనపు పొర దానికి సరిగ్గా ఉండదు. ఒంటి పక్కల ఊపిరి తీసుకునే రంధ్రాలను గట్టిగా మూసుకోనూ లేదు. పొడి నేల మీద ఎండలో చిక్కుకుంటే ఒంట్లో నీరు ఆరిపోయి చచ్చిపోతుంది. అందుకే పగలంతా రాళ్ల కింద, కుళ్లిన ఆకుల కింద, తడి మట్టిలో దాక్కుని రాత్రిపూట బయటికొస్తుంది. మన ఇంట్లో అలాంటి చోట్లేవో మీరే చూడండి: బాత్రూం మూల, సింకు కింది గూడు, వాషింగ్ మెషిన్ వెనక, బిందెలు పెట్టే తిన్నె కింద.

రెండో కారణం తిండి. బొద్దింకలు, కీచురాళ్లు, సాలీళ్లు, ఒక్కోసారి బల్లిపిల్ల. ఇవి కూడా చెమ్మ ఉన్న చోటనే ఎక్కువగా చేరతాయి. రాత్రి లైటు వేయగానే వంటింట్లో నాలుగు బొద్దింకలు పరుగెత్తుతున్నాయంటే, జెర్రికి అన్నం వడ్డించి పెట్టినట్టే.

అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అంచున ఉన్న కాలనీల్లో రాళ్లూ రాలిన ఆకులూ ఎక్కువ కాబట్టి ఆరుబయట జెర్రులు ఉండనే ఉంటాయి. అది వాటి చోటు. ఇంట్లో అవి వారాల తరబడి బతకగలుగుతున్నాయంటే మాత్రం తడి మన దగ్గరే ఉంది.

వానాకాలంలో అంటే సరే, ఏప్రిల్, మే నెలల్లో కూడా కనిపిస్తున్నాయే?

ఇది చాలామందిని తికమక పెడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు వాటి బొరియల్లోకి నీళ్లు చేరతాయి, మునిగిపోకుండా గట్టుకొస్తాయి. ఎండాకాలంలో జరిగేది దానికి తలకిందులు. 40 డిగ్రీల ఎండకు బయట నేల బీటలు వారుతుంది, ఆకుల కింద తడి పోతుంది. ఆ చుట్టుపక్కల తడిగా మిగిలేది మీ బాత్రూమూ, కారుతున్న కుళాయి కింది గచ్చూ. వానల్లో వచ్చిన జెర్రి దారి తప్పి వచ్చిందనుకోవచ్చు. మే నెలలో వచ్చిందంటే మీ ఇంట్లో ఏడాది పొడవునా ఆరని చోటు ఒకటుందని అర్థం. నా మటుకు నేను రెండోదాన్నే ఎక్కువ పట్టించుకుంటాను.

మేము చూసింది జెర్రేనా, రోకలిబండా?

ముట్టుకుంటే చుట్టలా చుట్టుకుపోయేది, మెల్లగా పాకేది, గుండ్రటి ఒళ్లుది రోకలిబండ. అది కరవదు, కుళ్లిన ఆకులు తింటుంది. దాని ఒంటి నుంచి వచ్చే రసం చేతికంటితే మరక పడుతుంది, కంట్లో పడితే మండుతుంది, అంతే. జెర్రి బల్లపరుపుగా ఉంటుంది, సర్రున పరిగెడుతుంది, ఒంటి కణుపు ఒక్కోదానికి ఒక జత కాళ్లే. "వెయ్యి కాళ్ల జెర్రి" అంటాం గానీ మన దగ్గర కనిపించే పెద్ద జెర్రులకు ఎక్కువగా 21 జతలు, అంటే 42 కాళ్లు. వాటిలో ఒకటి విరిగినా లెక్కలేదన్న మాట నిజమే, కుబుసం విడిచినప్పుడు మళ్లీ మొలుస్తుంది.

గోడ మీద పొడుగాటి సన్నని కాళ్లతో జుట్టు ముడిలా కనిపించి మాయమయ్యేది ఇంకో రకం జెర్రి. దానికి 15 జతల కాళ్లు. మనుషుల జోలికి దాదాపుగా రాదు.

ఇక జెర్రిపోతు అన్నది జెర్రే కాదు. అది పాము, విషం లేనిది, ఎలుకలు తింటుంది. ఫోనులో "జెర్రిపోతు దూరింది" అని విని నేను సిమెంటు, జాలీ తీసుకుని పోయిన ఇంట్లో బియ్యం మూటల వెనక ఆరడుగుల పాముంది. పాములు పట్టేవాళ్లను పిలిపించే దాకా ఇంటిల్లిపాదీ వాకిట్లోనే నిలబడ్డారు. దయచేసి మాట తేడా చూసుకుని చెప్పండి.

జెర్రి కరిస్తే ఏం చేయాలి? ప్రాణం మీదకొస్తుందా?

నొప్పి మాత్రం భరించలేనట్టుగా ఉంటుంది. నోటితో కాదు, తల కింద కొండిలా మారిన మొదటి జత కాళ్లతో గుచ్చి విషం దింపుతుంది. అందుకే రెండు చుక్కల గాటు పడుతుంది. మంట, వాపు, ఎర్రదనం కొన్ని గంటలు, కొందరికి ఒకట్రెండు రోజులు ఉంటాయి. పెద్దవాళ్లకు మామూలుగా ప్రాణగండం ఉండదు.

ముందు సబ్బుతో కడగండి. ఉంగరం, గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయండి. కరిచిన చోటు చేతికో కాలికో అయితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, ఓ 20 నిమిషాలు ముంచి ఉంచితే చాలామందికి నొప్పి దిగుతుంది. పిల్లలకైతే ఆ నీళ్లు ముందు మీ మోచేతి మీద పోసుకుని చూడండి. కొందరికి గుడ్డలో చుట్టిన ఐసు హాయిగా ఉంటుంది. పారాసెటమాల్ వేసుకోవచ్చు. ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకుని చాలా ఏళ్లయితే డాక్టరుకు చెప్పండి. పైన తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. సున్నం పూయడం కూడా వద్దు, నొప్పి తగ్గకపోగా చర్మం కాలుతుంది.

ఊపిరి ఆడకపోయినా, ముఖం, పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, వాంతులు, కళ్లు తిరగడం ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు. 108కి చేయండి, లేదా తిరుపతిలో రుయా ఆసుపత్రికి, చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రికి, ఏది దగ్గరైతే దానికి పోండి. పసిపిల్లల్ని, గుండె జబ్బున్నవాళ్లను, ముందు కందిరీగ కుట్టినప్పుడు ఒళ్లు వాచినవాళ్లను లక్షణాల కోసం చూడకుండానే తీసుకుపోవడం మంచిది.

చెవిలో దూరుతుందంటారు, నిజమా?

అరుదుగా జరుగుతుంది. అది చెవిని వెతుక్కుంటూ రాదు, సందు కనిపిస్తే దూరే గుణం దానిది. కింద చాప మీద, అదీ గోడకు ఆనించి పడుకునే ఇళ్లలో భయం ఉంటుంది. దూరితే పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలకొద్దు. లోపల కరుస్తుంది, పైగా చెవి గూబకు దెబ్బ. నేరుగా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పోండి. మంచం గోడకు జానెడు దూరం జరపడం, దుప్పటి అంచు నేలకు తగలకుండా చూసుకోవడం, పొద్దున బూట్లు దులిపి వేసుకోవడం ఈ కాలంలో అలవాటు చేసుకోవాలి.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ఎలా తెలుసుకోవాలి?

అసలు పనంతా ఇక్కడే ఉంది. గోడను చూసి తొందరపడి పేరు పెట్టొద్దు, రెండు వారాలు గమనించండి.

నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా, వరుసగా ఒకే గీత గీసినట్టు మరక ఉంటే అది పునాది నుంచి పైకి పాకుతున్న చెమ్మ. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పీలుస్తుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోయినా, వేసిన పొర దెబ్బతిన్నా ఇలా అవుతుంది. మరక పైకప్పు దగ్గర మొదలై కిందికి దిగుతుంటే మిద్దె మీదో, పిట్టగోడ పగుళ్లలోనో చూడాలి. వానొచ్చిన రెండో రోజు మరక పెరిగిందా లేదా అన్నది గుర్తుపెట్టుకోండి. వానకూ ఎండకూ తేడా లేకుండా ఒకే చోట గుండ్రంగా మరక ఉంటే లోపల పైపు కారుతోంది, లేదా ఆ గోడ వెనక బాత్రూముంది.

పైపు అనుమానం తీరడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీయండి. తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందే చూడండి. నీరు గీత దిగితే ఇంట్లో ఎక్కడో పోతోంది. ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి, అక్కడ కాకపోతే గోడలోని పైపు.

ఇంకో పరీక్ష: అడుగు పొడుగు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం తీసుకుని మరక మీద నాలుగు పక్కలా టేపుతో గాలి పోకుండా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. కాగితం లోపలి వైపు, గోడ పక్కన, నీటి బొట్లు కూడితే తడి గోడలోంచి వస్తోంది. బయటి వైపు తడిస్తే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువ. వంట ఆవిరి బయటికి పోవడం లేదు, తడి బట్టలు గదిలో ఆరేస్తున్నారు, లేదా బీరువా గోడకు ఆనుకుని ఉండి వెనక గాలి ఆడడం లేదు. ఈ రెండో రకానికి మేస్త్రీతో పని లేదు. కిటికీ తీయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలి, బీరువాను నాలుగంగుళాలు ముందుకు జరపాలి.

నాణెంతో గోడను తట్టి చూడండి. గట్టిగా ఉన్న చోట టిక్కు టిక్కుమంటుంది, పూత గోడను వదిలేసిన చోట డొల్ల మోత వినిపిస్తుంది. ఆ డొల్ల సందుల్లోనే జెర్రులు పగలు తలదాచుకుంటాయి.

గోడ మీద తెల్లటి పొడి వస్తోంది, తుడిచినా మళ్లీ వస్తోంది. బూజా?

బూజైతే నల్లగా, ఆకుపచ్చగా ఉండి ముక్కిన వాసన వేస్తుంది, వేలితో నలిపితే జిగటగా అంటుకుంటుంది. తెల్లగా రవ్వలా రాలేది ఉప్పు. సవుడు పట్టిందంటారు మన పల్లెల్లో. నేలలో, ఇటుకలో, కట్టేటప్పుడు వాడిన బోరు నీళ్లలో ఉన్న లవణాలు నీటితో పాటు గోడ పైకొస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. అది గట్టిపడుతూ పూతను లోపలి నుంచి నెట్టి పెచ్చులూడగొడుతుంది. తడిగుడ్డతో తుడవొద్దు, కరిగి మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి బయట పారేయండి.

బూజు విషయంలో ఒక మాట. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే, పిల్లలకు దగ్గు తగ్గకుండా ఉంటే, ఆ గదిలో పడుకోబెట్టొద్దు. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పైన వాటర్‌ప్రూఫ్ పెయింటో, టైల్సో వేసేస్తే సరిపోదా?

సరిపోదు. మా సొంత ఇంట్లోనే ఆ తప్పు చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 2015 నవంబరు వానలకు మా వంటింటి గోడ చెమ్మెక్కింది. పండక్కి చుట్టాలొస్తున్నారని తొందరపడి, ఆరీ ఆరని గోడ మీదే నాలుగడుగుల ఎత్తున టైల్స్ వేయించాను. చూడ్డానికి బాగుండింది. ఏడాది తిరగకుండానే టైల్స్ పైన, అంతకుముందు లేని చోట, పుట్టీ బుడగలు లేచింది. ముందు మూడడుగుల దగ్గర ఆవిరైపోయే నీరు, దారి మూసేయడంతో ఐదడుగులకు ఎక్కింది.

ఒక రోజు తెల్లవారుజామున మా అమ్మ స్టవ్ పక్కన చేయి పెట్టింది. టైలు అంచు నుంచి జెర్రి వచ్చి వేలు మీద కరిచింది. ఆమె నొప్పితో మధ్యాహ్నం దాకా ఏడుస్తూనే ఉంది. మరునాడు ఆ వరుస టైల్స్ ఊడదీయించాను. మూడో టైలు వెనక, తడిసి నల్లబడిన సిమెంటు గుంటలో, ఒక జెర్రి చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. దాని కాళ్ల మధ్య పసుపుపచ్చటి గుడ్ల ముద్ద. వెలుతురు పడినా పారిపోలేదు, గుడ్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది. తల్లి జెర్రి అంతే, గుడ్లు పిల్లలయ్యే దాకా కదలదు, తుడుస్తూ కాపాడుతుంది. ఆ గోడ నేను కట్టించి ఇచ్చిన పురిటి గది. చేటలోకి ఎత్తి పెరటి అవతల రాళ్ల దగ్గర వదిలేశాను.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా ఇదే చేయిస్తున్నాను: మరక గీతకు ఇంకో అడుగు పైదాకా పాత పూత రాలగొట్టేయడం, ఇటుకల సందులు గీకడం, నీటి మూలం ఆపడం, గోడను ఆరనివ్వడం. ఆ తర్వాతే పూత, ఆ తర్వాతే రంగు. పునాది నుంచి పాకే చెమ్మయితే గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి నీటిని అడ్డుకునే మందు ఎక్కించే పద్ధతి ఉంది. అది తెలిసినవాళ్లతోనే చేయించాలి.

గోడ ఆరడానికి ఎన్నాళ్లు పడుతుంది?

మేము పెట్టుకున్న లెక్క అంగుళం మందానికి ఒక నెల. తొమ్మిదంగుళాల గోడకు ఎంతవుతుందో మీరే చూసుకోండి. ఫ్యాను, ఎండ, గాలి ఉంటే తొందరగా ఆరుతుంది. పైకి పొడిగా కనిపించడం ఆరడం కాదు, ప్లాస్టిక్ కాగితం పరీక్ష మళ్లీ చేసి నిర్ధారించుకోండి.

మాది పాత మట్టి గోడల మిద్దె. సిమెంటు పూత పూయిస్తే గట్టిగా ఉంటుందంటున్నారు.

పూయించొద్దు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో, చిత్తూరు పాతపేటల్లో ఇంకా మిగిలిన మట్టి, సున్నం గోడలు ఊపిరి తీసుకుంటాయి. తడి వచ్చినా దానంతట అదే ఆవిరైపోతుంది. సిమెంటుతో మూసేస్తే ఆ తడి లోపలే నిలిచి మట్టిని కరిగిస్తుంది. సున్నపు పూత, సున్నపు వెల్ల చాలు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు, దొరికితే వదులుకోవద్దు.

వీధి రోడ్డు మా గడప కంటే ఎత్తయిపోయింది. ఏం చేయాలి?

ఇది మన ఊళ్లో సగం కాలనీల బాధ. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే పరుస్తారు, 20 ఏళ్లకు ఇల్లు గుంటలో పడుతుంది. వాననీరు గోడ పాదానికే వచ్చి నిలబడుతుంది.

నేలలో నీటి బలం ఎంతో తెలియాలంటే 2021 నవంబరు గుర్తు చేసుకోండి. ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో పూడ్చిన సిమెంటు వరల నీళ్ల ట్యాంకు నేల చీల్చుకుని పైకి లేచి నిలబడింది. నేల నిండా నీరు ఊరి, చుట్టూ మట్టి వదులైతే లోపల ఖాళీ ఉన్న ట్యాంకు పడవలా తేలుతుంది. అంత బరువును లేపిన నీటికి మీ పునాది ఇటుకల్లోకి ఎక్కడం ఒక లెక్క కాదు.

ఇల్లు ఎత్తించడం అందరి వల్లా కాదు గానీ నీటిని గోడ నుంచి దూరంగా పంపగలం. ఇంటి చుట్టూ రెండు, రెండున్నర అడుగుల వెడల్పున గచ్చు వేసి బయటికి వాలు ఇవ్వండి. గోడకు ఆనించి మట్టి, ఇసుక కుప్పలు, పూలతొట్లు ఉంచొద్దు. ఏసీ నీళ్లు, ట్యాంకు పొర్లే నీళ్లు గోడ మొదట్లో పడకుండా పైపు పెట్టండి. మిద్దె మీద వాననీటి గొట్టంలో ఆకులు అడ్డుపడ్డాయేమో వానలకు ముందే చూసుకోండి. కట్టెలు, పాత ఇటుకలు, కొబ్బరి మట్టలు గోడ పక్కన పేర్చి ఉంటే ఈ రోజే జరపండి, జెర్రికీ తేలుకూ అదే సత్రం.

బాత్రూం జాలీలోంచే వస్తున్నాయి. ఆపడం ఎలా?

జాలీ కింద నాని ట్రాప్ అనే గిన్నె లాంటి అమరిక ఉంటుంది. అందులో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీరే వాసనకూ పురుగుకూ అడ్డు. వాడని బాత్రూంలో ఆ నీళ్లు ఆరిపోతాయి, దారి తెరుచుకుంటుంది. వారానికోసారి ఒక చెంబు నీళ్లు పోయండి, అంతే. కొన్ని ఇళ్లలో ఖర్చు కలిసొస్తుందని ట్రాప్ పెట్టకుండా పైపు నేరుగా కాలువలోకి దింపేసి ఉంటారు. జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి, నీళ్లు కనిపించకపోతే అదే సంగతి. అప్పుడు సన్న రంధ్రాల స్టీలు జాలీ గానీ, నీళ్లు పోయాక మూసుకునే మూత గానీ బిగించాలి. స్నానమయ్యాక నేల మీది నీళ్లు వైపర్‌తో లాగేయండి, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి, టైల్స్ మధ్య ఊడిన చోట గ్రౌటు నింపించండి.

ఉప్పు చల్లితే, కిరోసిన్ పోస్తే, యాసిడ్ పోస్తే పోతాయా?

ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. మూలలో చల్లితే ఆ మూల ఇంకా తడవడం, ఉన్న సవుడుకు తోడు చేరడం తప్ప లాభం లేదు. కిరోసిన్ అంటుకుంటే ఇల్లు పోతుంది. యాసిడ్ టైల్స్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది, నీళ్లు కిందికి దిగడానికి మీరే దారి చేసినట్టు. ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోండి: బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరు గానీ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం తీయగలదు.

మందు కొట్టిస్తే?

ఆ రోజుకు కనిపించినవి చస్తాయి. తడి అలాగే ఉంటే నెలకో రెండు నెలలకో బయటివి వస్తాయి. డబ్బు పెట్టాలనుకుంటే బొద్దింకలకు జెల్ పెట్టించండి, తిండి పోతే జెర్రికి పనుండదు.

అద్దె ఇల్లు మాది. పై ఫ్లాటు బాత్రూం కారి మా పైకప్పు తడుస్తోంది. వాళ్లు ఒప్పుకోవడం లేదు.

గొడవకు పోకుండా ముందు రుజువు చూపండి. పై బాత్రూం నేల మీద నీలిమందు కలిపిన నీళ్లు పోసి, జాలీకి గుడ్డ అడ్డుపెట్టి, ఒక రోజు నిలవనివ్వమనండి. మీ పైకప్పు మీద నీలం చుక్క కనిపిస్తే ఇక వాదన ఉండదు. మరక ఫొటోలు తేదీలతో తీసి ఇంటి యజమానికి పంపుతూ ఉండండి. అద్దెకున్నవాళ్లు సొంత డబ్బుతో రంగు వేయించడం నాకు ఇష్టం లేదు. అది రోగాన్ని కప్పిపెడుతుంది, అడిగే హక్కునూ తగ్గిస్తుంది.

పని ఏ నెలలో మొదలుపెట్టాలి?

శివరాత్రి దాటాక. అప్పటికి నేలలో నీరు దిగుతుంది, ఎండ ముదురుతుంది. మార్చిలో పాత పూత రాలగొట్టేసి వదిలేస్తే, ఎండాకాలం కాబట్టి అంగుళానికి నెల లెక్క కంటే తొందరగా, మే నెలలో వచ్చే గంగజాతర నాటికి గోడ చాలా వరకు ఆరుతుంది. ప్లాస్టిక్ కాగితం పరీక్షలో ఆరిందని తేలితే జూన్, జూలైలో పూత వేసి, క్యూరింగ్ చేసి, ఆగస్టులో రంగు వేయించుకోవచ్చు. మిద్దె మీది పగుళ్లు, పిట్టగోడ పని మాత్రం సెప్టెంబరు లోపల ముగించండి. అక్టోబరులో ఫోను చేసేవాళ్లకు నేను టార్పాలిన్ కప్పించడం తప్ప ఏమీ చేయలేను.